తువ్వాల కింద చెయ్యి

పోయిన శనివారం మా బస్సు పెబ్బేరు సంత దగ్గర ఆగిపోయింది. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలలో ఉన్న అత్తగారింటికి పోతున్నాను. మామూలుగా ఆదివారం పోతాను. ఈసారి కాలేజీకి సెలవు కలిసొచ్చి ఒకరోజు ముందే బయలుదేరాను. రోడ్డుకు అడ్డంగా ఎడ్లు, ఎడ్ల మధ్య మనుషులు, ఎవరూ లెక్కచేయని మా డ్రైవరు హారను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాస్త దూరంలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒక తువ్వాల కింద చేతులు కలిపి ఉన్నారు. ఎడ్లబేరం అట్లాగే జరుగుతుంది. అంకె నోటితో చెప్పరు, పక్కవాడికి తెలియకుండా వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. అందులో కొత్తేమీ లేదు. కొత్తది ఏమంటే, తువ్వాల కిందికి పోయిన చేతుల్లో ఒకదానికి ఆకుపచ్చ మట్టిగాజులున్నాయి.

ముఖం కనబడలేదు. మధ్యలో ఒక తెల్ల ఎద్దు అడ్డం నిలబడింది. కనబడాల్సిన పని కూడా లేదు. నా కుడిచేతి మణికట్టుకు ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. ఆరేళ్ల కిందటి పట్టు.

ఆమె పేరు రాయను. తన పేరు అచ్చులో చూసుకుంటే ఆమె పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు నేను భరించలేను.

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం ఒక బెంచీ. నేను అంతకుముందు బడి ముఖం చూడలేదు. ఆత్మకూరు దగ్గర చిన్న ఊళ్లో మా నాయన గుడి పూజారి. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. దుమ్ములో కూర్చోబెట్టొద్దన్నారని అమ్మే పలక పట్టించి, అమ్మే లెక్కలు చెప్పి, ఓపెన్ స్కూలు పరీక్షలన్నీ ఇంటినుంచే రాయించింది. ఆ జబ్బు ఇచ్చినందుకు కూడా నేను దేవుడికి దండం పెట్టుకుంటాను. అంత ఓపికగల టీచరు ఎవరికి దొరుకుతారు? కానీ ఒక లోటు మిగిలింది. "తీర్థం తీసుకోండి, ప్రసాదం తీసుకోండి" అనే రెండు మాటలు తప్పిస్తే, డిగ్రీలో చేరేదాకా నేను బయటివాళ్లతో నోరు విప్పింది లేదు.

ఆమె నోరు మూసింది లేదు. పెబ్బేరు పక్క ఊరు, వ్యవసాయం, తండ్రి సంతలో ఎడ్లబేరాలు కుదిర్చేవాడు. రోజూ పావుగంట ఆలస్యంగా వచ్చేది. చెప్పులు టపటపలాడించుకుంటూ, తలుపు దగ్గరే "బస్సు సార్" అనేది. మిగతావాళ్లు ఆ మాటంటే బయట నిలబెట్టే సారు, ఆమె అంటే నవ్వేవాడు. నాకూ బస్సు తప్పిన రోజున "ఆరింటికే లేవాలమ్మా" అన్నాడు. నేను నాలుగింటికి లేచేదాన్ని.

ఆమెకొక అలవాటు ఉండేది. క్లాసులో అంకె ఏదైనా నాకు చెప్పాలంటే నోటితో చెప్పదు. చున్నీ కొంగు నా చేతిమీద కప్పి, కింద వేళ్లు పట్టుకునేది. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అరచెయ్యి మొత్తం పడితే అయిదు, పిడికిలి మూసి నొక్కితే పది. తండ్రి దగ్గర నేర్చిన విద్య. "నోటితో అంటె పక్కోడు ఇంటడే అయ్యగారమ్మా" అనేది. పూజారి బిడ్డనని నన్ను అట్లా పిలిచేది. పక్కవాడు వింటే పోయేదేముంది, సాలెపురుగు కాళ్ల లెక్కకు? కానీ ఆ చేతివేడి, ఆ రహస్యం నాకు నచ్చేవి. ఆమె మీద కుళ్లు మొదలవక ముందు మాట ఇది.

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది, నాలుగు క్రెడిట్లకు. చాలాచోట్ల పాత విద్యార్థుల రికార్డు తెచ్చి, అట్ట మార్చి ఇచ్చేస్తారు. మా జువాలజీ సారు ఒప్పుకోలేదు. "మీ ఊరి ప్రాణి ఏదైనా తీసుకోండి. కండ్లతో చూసింది రాయండి. చూడనిది రాయకండి" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. బాగా చేసిన ఒక్కరి పేరు హైదరాబాదులో పరిశోధన చేసేచోటికి పంపిస్తాను, ఎండాకాలం రెండు నెలలు అక్కడ పని నేర్పుతారు అని. ఆ మాట విన్న రోజు సాయంత్రం దేవుడి ముందు రెండు దీపాలు ఎక్కువ పెట్టాను. వంటింట్లో చదువుకున్న పిల్ల ఒక పెద్ద ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని నిలబడటం, అది నాకు కావాలి. మరేదీ నేనంతగా కోరుకోలేదు.

మర్నాడు క్లాసులో ఆమె లేచి నిలబడింది. "సార్, పెండపురుగులు చూడొచ్చునా?"

పేడపురుగులనేసరికి క్లాసంతా ఒకటే నవ్వు. ఎవరో వెనక నుంచి "పిడకలు కూడ చెయ్యి" అన్నారు.

"చేస్త, మీ ఇంటికి పంపిస్త" అంది వెనక్కి తిరిగి. మళ్లీ సారు వైపు తిరిగి, "మా దొడ్ల పెండ తెల్లారేసరికి పురుగులు మాయం చేస్తయి సార్. సంతల కొన్ని ఎడ్లు ఏసిన పెండ మూడు దినాలైన అట్లనే ఉంటది. ఎందుకో తెల్వదు."

సారు సుద్దముక్క బల్లమీద పెట్టాడు. "ఎందుకో తెల్వదు అన్నవు చూడు, అదే ప్రాజెక్టు" అన్నాడు.

నేను పుట్టినప్పటి నుంచి తెలిసినందుకే మెప్పు పొందినదాన్ని. తెలియదన్నందుకు ఒక మనిషిని మెచ్చుకోవడం అప్పుడే చూశాను. కడుపులో ఏదో మండింది. పొద్దున ఉపవాసం కదా, అందుకే అనుకున్నాను.

సారు నన్ను ఆమెకు జత చేశాడు. "నీ దస్తూరీ ముత్యాలు. ఆ పిల్ల రాత చీమలు పాకినట్టు. ఇద్దరు కలిసి ఒక్క మనిషి అయితరు" అన్నాడు. నేను ఆ ఒక్క మనిషికి చెయ్యిని మాత్రమేనని అప్పుడే అర్థమైంది.

పని పద్ధతి సారే చెప్పాడు. పశువులకు కడుపులో పాముల్లాంటి నట్టలు పోవడానికి మందు వేస్తారు. సంతకు తోలేముందు ఒంటికి నిగారింపు రావాలని కొందరు తప్పకుండా వేస్తారు. ఆ మందు పెండలోకి దిగి పురుగుల్ని దూరం పెడుతున్నదా అన్నది మా ప్రశ్న. శనివారం సంతలో పన్నెండు ఎడ్ల పెండ విడివిడిగా తీసుకోవాలి. ఏ ఎద్దుకు నట్టల మందు వేశారో, ఎప్పుడు వేశారో అమ్మేవాళ్లను అడిగి రాయాలి. ఆ పెండను ఆమె ఊళ్లో, వాళ్ల చేనులో వరసగా పెట్టాలి. ఆదివారం పొద్దున ఒక్కో కుప్పను బకెట్ నీళ్లలో వేస్తే పురుగులు పైకి తేలతాయి. లెక్కపెట్టాలి. అట్లా ఏడు శనివారాలు.

మొదటి శనివారం నేను ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, పుస్తకం గుండెకు అదుముకుని ఒక పక్కన నిలబడ్డాను. ఆమె ఎడ్ల మధ్యలోంచి తన ఇంటి వాకిట్లో తిరిగినట్టు పోయింది. ముందు ప్రశ్న అడిగేది కాదు. ముందు ఎద్దు మెడ కింద తట్టేది. "ఏం కాకా, కోడె మస్తుంది, ఎన్ని పండ్లేసింది?" అనేది. ఎడ్ల వయసుకు పళ్లే లెక్క. ఆయన ఎద్దు గురించి, దాని తల్లి గురించి, దాన్ని అమ్మాల్సి వచ్చిన కష్టం గురించి చెప్పేవాడు. ఆమె ఊఁ కొట్టేది. మాటల్లోనే, "నట్టల మందేమన్న తాపినవా?" అనేది.

"తాపిన బిడ్డా, పదిదినాలాయె. ఎందుకు?"

"పురుగులకు చెప్పాలె."

ఆయన నవ్వేవాడు. పక్క మనిషీ నవ్వేవాడు. ఆ నవ్వుతో పక్కమనిషి ఎద్దు సంగతి కూడా బయటికి వచ్చేది. ఇంకో నలుగురు పిలవకుండానే వచ్చి, "మా దానికి ఎయ్యలే, రాస్కో" అనేవాళ్లు. నన్ను చూపిస్తూ, "ఈమె మా రాతలు రాసే అయ్యగారమ్మ, ఈమె రాస్తే దేవుడు రాసినట్టే" అనేది ఆమె. వాళ్లు నాకు దండం పెట్టేవాళ్లు. ఎంత మర్యాద! ఆమెకు మాత్రం వేయించిన పల్లీలు పెట్టేవాళ్లు. నాకు పల్లీలు కావాలనిపించేది.

ఆదివారం ఆమె చేనులో లెక్క. బకెట్ ముందు గొంతుకూర్చుని పురుగుల్ని ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకునేది. నేను పక్కన పీట మీద. నా ఎడమ చేతిమీద ఆమె తన చున్నీ కప్పి వేళ్లు నొక్కుతుంటే, కుడిచేత్తో నేను రాసేదాన్ని. అక్కడ వినే మనిషే లేడు. అయినా అదే అలవాటు. పురుగులకు పేర్లు కూడా పెట్టింది. ముందు కొమ్మున్నది పోతుగాడు. పెండను ఉండచేసి వెనక్కాళ్లతో తోసుకుపోయేది కూలామె. ఇంకొకరు చేసిన ఉండలో దూరి తినే చిన్నది చుట్టం. నేను లైబ్రరీలో రెండు రోజులు కూర్చుని వాటి లాటిన్ పేర్లు వెతికి, ఎర్ర సిరాతో గీతలు కొట్టి పట్టిక చేశాను. సారు నా పట్టిక చూసి "బాగుందమ్మా" అన్నాడు. 'చుట్టం' అన్న మాట చూసి మాత్రం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ల్యాబులో అందరూ ఆ పేర్లే పలికారు. నా లాటిన్ పట్టిక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మడత నలగకుండా.

ఇప్పుడు రాయబోయేది నేను ఇంతవరకు మా అమ్మకు కూడా చెప్పలేదు.

నాలుగో శనివారం తర్వాత నేను ఒక మొక్కు మొక్కాను. "స్వామీ, ఒక్క శనివారం ఆ పిల్ల రాకుండా చెయ్యి. ఒక్కటంటే ఒక్కటి నా చేతుల మీదుగా జరగనీ." అట్లాంటి కోరిక కోరకూడదని తెలుసు. తెలిసే, కళ్లు మూసుకుని కోరాను. అయిదో శనివారం పొద్దున ఆమె ఫోను. వాళ్ల నాయనమ్మ గడపలో జారిపడింది, గద్వాల దవాఖానకు తీసుకుపోతున్నారు. "పరేషాన్ కాకు. ముసల్దానికి తుంటి బాగనే ఉన్నట్టుంది, తిడుతుంది మమ్మల్ని. జర నువ్వే చూస్కో. ముందుగాల ఎద్దును తట్టు. తర్వాత అడుగు. ఏం కాదు."

నా మొక్కు ఇంత తొందరగా, ఒక ముసలామె తుంటి మీదుగా తీరుతుందని నేననుకోలేదు. ఒక్కదాన్నే సంతకు పోయాను.

ఎద్దును తట్టలేకపోయాను. దాని కళ్లు నన్ను చూస్తున్నాయి. తట్టకుండానే మొదటాయన్ని అడిగాను, పుస్తకంలో రాసుకున్నది రాసుకున్నట్టు. "మీ పశువుకు ఈ నెలలో నట్టల నివారణ మందు వేయించారా?"

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏం మేడం, ఆఫీసు నుంచి ఒచ్చిన్రా?" అన్నాడు. పక్కవాళ్లు గుంపయ్యారు. ఒకాయన "పెండ మీద గూడ సర్వే ఒచ్చిందిరో" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆమెతో నవ్విన నవ్వే అది. ఆమె ఉన్నప్పుడు అందులో ఆమెకూ చోటుండేది, నాకు లేదు. చిన్నప్పటి ఉబ్బసం తిరిగొచ్చినట్టయింది.

పన్నెండు ఎడ్ల పెండా తీసుకుని, ఎప్పట్లాగే వాళ్ల చేనులో పెట్టి వచ్చాను. రెండో మనిషిని అడగలేదు. బస్టాండులో కూర్చుని గడులు నింపాను. ఆరు ఎడ్లకు 'వేశారు', ఆరు ఎడ్లకు 'వేయలేదు'. అంత అందమైన దస్తూరీతో నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు.

ఆదివారం పొద్దుటికి ఆమె గద్వాల నుంచి వచ్చేసింది. నాయనమ్మకు తుంటి విరగలేదు, కండ పట్టేసింది. పురుగుల లెక్క ఇద్దరం కలిసే చేశాం. అంతా అయ్యాక ఆమె పుస్తకం అందుకుంది. అప్పటిదాకా ఎప్పుడూ అందుకోలేదు.

"ఈ మచ్చల ఎద్దు ఎవరిదే?"

"ఎర్ర తలపాగా ఆయనది."

"చెవికి పోగున్నదా?"

"ఉంది."

"ఆయన మా మ్యానమామ. మందెయ్యకుంట ఎద్దును వాకిలి దాటియ్యడు." ఆమె గొంతులో కోపం లేదు, అనుమానం కూడా లేదు. "ఎయ్యలేదని ఆయన నోటితో చెప్పిండా?"

నేను బకెట్లోకి చూశాను. ఒక కూలామె నీళ్లలో కాళ్లు కొట్టుకుంటున్నది. ఆమె దాన్ని వేలితో బయటికి తీసి మట్టిమీద వదిలింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ పేజీమీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత కొట్టింది. కింద తన చీమల రాతతో రాసింది: "ఈ వారం లెక్క తప్పింది. తప్పు నాది." సంతకం పెట్టింది. "ఆకలైతుంది, రొట్టె తిందాం పా" అంది.

సారు పుస్తకం చూసిన రోజు మేమిద్దరం ఆయన బల్లముందు పక్కపక్కన నిలబడ్డాం. "ఇదేంది?" అన్నాడు గీతను చూపిస్తూ.

"నేనే గడబిడ చేసిన సార్."

"ఏడింట్ల ఒక వారం పోయినట్టేనా? ఇంత మంచి ప్రశ్న అడిగి, గింత నిర్లక్ష్యమా?"

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, దేవుడు సాక్షి. అప్పుడే చున్నీ కింద ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. వేళ్లు కాదు, పిడికిలి కాదు, మణికట్టు. నాకు నేర్పిన లెక్కల్లో అది ఏ అంకే కాదు. ఎముక నొచ్చేటట్టు పట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను. ఆమె పట్టుకున్నందుకే మూసుకున్నానని ఆరేళ్లు అనుకున్నాను. పట్టుకోకపోయినా మూసుకునేదాన్నేమో.

హైదరాబాదుకు సారు నా పేరే పంపాడు.

రెండు నెలలు తెల్లకోటు వేసుకున్నాను. ఆ కాగితం పట్టుకుని ఎమ్మెస్సీ చదివాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు నా బల్లమీదికే వస్తాయి. ఇంత అన్నం పెట్టినందుకు ప్రతి శనివారం దేవుడికి దండం పెడతాను. చేతులు జోడించినప్పుడల్లా మణికట్టు దగ్గర ఆమె పట్టు తగులుతుంది. అవసరాన ఆదుకుంది కదా, కృతజ్ఞత ఉండాలి. ఉంది. కానీ దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. నాకు రావలసిన మంచితనం కూడా ఆమే తీసుకుపోయిందన్న కడుపుమంట. పూజారి బిడ్డను నేను. త్యాగం చేయాల్సి వస్తే నేను చేయాలి కదా?

పోయిన శనివారం బస్సు దిగాను. కండక్టరు "గద్వాల ఇది కాదమ్మా" అన్నాడు.

తెల్ల ఎద్దు పక్కకు జరిగింది. తువ్వాల భుజాన వేసుకుని ఆమె బేరం ముగించుకుని వస్తున్నది. కొంచెం లావైంది. నన్ను చూసి ఆగి, సంతంతా వినబడేటట్టు "ఓ అయ్యగారమ్మా!" అంది. తండ్రికి మోకాళ్లు పట్టేశాయట, బేరాలు ఇప్పుడు ఈమెవే. మొదట్లో ముసలివాళ్లు ఆడపిల్ల చెయ్యి ఎట్లా పట్టుకుంటామని సిగ్గుపడ్డారట. "ఎద్దును జూడు, నన్ను జూడకు అన్న. అలవాటైన్రు" అని నవ్వింది.

ఆమె చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పొడుగాటి పుస్తకం ఉంది. అడగకుండానే విప్పి చూపించింది. శనివారాలు. ఎడ్లు. మందు వేసిన రోజు. పురుగులు: పోతుగాడు, కూలామె, చుట్టం. చీమల రాతతో పేజీలకు పేజీలు. ఇది నాలుగో పుస్తకమట. ఆరేళ్ల నుంచి, ఏ సారూ అడగకుండా, ఏ క్రెడిట్లూ రాకుండా. "పోయినేడు వానలు ఆలస్యమైనయి గదా, పోతుగాళ్లు జాడనే లేరు. ఎందుకో తెల్వదు" అంది. ఆ మాటంటుంటే ఆమె ముఖం వెలిగింది. నా ప్రయోగశాలలో ఈ ఆరేళ్లలో నేను ఒక్క పెండపురుగును చూసింది లేదు.

ఇంక ఆపుకోలేక అడిగేశాను. "ఆ రోజు నా తప్పు నీ మీద ఎందుకేసుకున్నావే? నాకోసం హైదరాబాదు పోగొట్టుకున్నావు."

ఆమె విచిత్రంగా చూసింది. "నీ కోసమా? నీ పేరు చెప్తె సారు మొత్తం పుస్తకమే నమ్మకపోతుండె. రాసిందంతా నువ్వే గదా. ఆరు వారాల పురుగులు బూడిదల పోతుండె. నేనంటె ఎట్లాగు గడబిడదాన్ని, ఒక్క వారమే పోతదనుకున్న." ఆగి, "పురుగుల కోసం చేసిన గని, నీ కోసం కాదే" అంది. బాధపెట్టాలని అన్న మాట కాదు. ఉన్న సంగతి చెప్పింది.

"మరి మణికట్టు పట్టుకున్నావు? అదేం అంకె?"

"అంకె గాదు. బేరం అయిపోయింది, నోరు తెరవకు అని."

ఆరేళ్లు నేను ఆమె మంచితనం చూసి కుళ్లుకున్నాను. అదైతే ప్రార్థన చేసి తెచ్చుకోవచ్చు. ఈమె దగ్గరున్నది అది కాదు. నన్నుగానీ, హైదరాబాదునుగానీ తలుచుకోనంతగా ఆ పురుగుల మీద మనసు. దానికి ఏ మొక్కు మొక్కాలో నాకు తెలియదు.

"సారుకు ఇప్పుడన్నా చెప్తాను, సోమవారమే పోయి" అన్నాను.

"చెప్పాలనుంటె చెప్పు. నన్నెందుకడుగుతవ్?" పుస్తకం నా చేతిలో పెట్టింది, పెన్నుతో సహా. "ముందుగాల జర గా పెద్దాయన్ని అడిగి రాయి. గా మూతి నల్లది, ఆయనదే. నాకింకో బేరముంది."

నేను కదలలేదు. ఆమె వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, "తట్టు ముందు" అంది.

నల్లమూతి ఎద్దు దగ్గరికి పోయాను. దాని కళ్లు నన్ను చూశాయి. నేనూ చూశాను. చెయ్యి పెట్టి మెడ కింద తట్టాను. వెచ్చగా ఉంది. అది తల తిప్పుకోలేదు.

"పెద్దయ్యా," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. "కోడె బాగుంది. నట్టల మందేమన్న తాపినవా?"

"తాపిన బిడ్డా, వారమాయె" అన్నాడు. అంతే. ఆరేళ్ల కిందట అడిగి ఉంటే పట్టే సమయం కూడా అంతే.

రాసుకున్నాను, ముత్యాల దస్తూరీతో, విన్నది విన్నట్టు. రాసి తలెత్తితే, ఆ పెద్దాయన నన్ను చూడటం లేదు. జవాబు చెప్పినప్పుడు కూడా చూడలేదు. నా భుజం మీదుగా, అటు తువ్వాల దులుపుకుంటూ పోతున్న ఆమెను చూస్తూ నవ్వుతున్నాడు.

స్వామీ, నిజమే రాయించావు, నీకు వెయ్యి దండాలు. కానీ ఆ ఒక్క జవాబు నా ముఖం చూసి చెప్పిస్తే నీ సొమ్మేం పోయేది?